గోడ దగ్గర ఆగే తూటా

తూటాలు కొనడానికి వచ్చే మగాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కొనేది ఒక పెట్టె, చెప్పేది పురాణం. ఇది బంగారం, అది చెత్త, మా తాత దీంతోనే ఎలుగుబంటిని కొట్టాడు... ఆ ఎలుగుబంటి ఏటేటా పెరుగుతూనే ఉంటుంది. మా ఆయన పోయినప్పటి నుంచీ ఈ స్టిల్‌హౌస్ క్రీక్ ఊళ్ళో చేపల ఎర, తుపాకీ తూటాలు, వేడి కాఫీ ఒకే బల్ల మీద పెట్టి అమ్ముతున్నదాన్ని నేనే. నా పేరు మావిస్. నా ముందు కోతలు కోసి నెగ్గినవాడు ఈ కొండల్లో ఇంకా పుట్టలేదు.

ఆ కోతల్లో మొదటి పీట మా బావ హోబర్ట్‌ది. మా అక్క మొగుడు. అక్క పోయాక ఆయనకు ఇంట్లో తోచదు. పొద్దున్నే వచ్చి మా కొట్లో పొయ్యి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. వచ్చినవాడికల్లా సలహా, పోయేవాడికల్లా ఇంకో సలహా. ఒకప్పుడు సైన్యంలో ఉన్నాడు. దాని గురించి మాత్రం ఒక్క ముక్క మాట్లాడడు. మాట్లాడేదంతా జింకల గురించే.

నవంబరులో ఒక మధ్యాహ్నం కెండ్రా వచ్చింది. మా ఊరి పిల్లే, లాయిడ్ కూతురు. లాయిడ్ బతికున్నప్పుడు నా చేతి కాఫీ తాగకుండా పనికి పోయేవాడు కాదు. ఈ పిల్ల నన్ను పిన్నీ అంటుంది, హోబర్ట్‌ను పెదనాన్నా అంటుంది. మొగుడు కోడీతో వేగలేక, ఆరేళ్ళ కూతురు మేజీని తీసుకుని వేసవిలో తిరిగొచ్చేసింది. హోబర్ట్ స్థలంలోనే, ఆయన ట్రైలర్ పక్కన ఉన్న పాత ట్రైలర్ ఇంట్లో ఉంటోంది. ఆ రోజు చంకలో ఒక దుప్పటి మూట ఉంది. బల్ల మీద పెట్టి విప్పింది. లాయిడ్ కోళ్ళగూటి దగ్గర నక్కల కోసం ఉంచుకున్న సన్న గొట్టం రైఫిల్.

"దీనిలోకి తూటాలు కావాలి పిన్నీ."

"జింకల వేటకు పోతున్నావా ఏంటే కొత్తగా?"

"కాదు. ఇంటికి."

పొయ్యి చుట్టూ ఉన్న మగాళ్ళందరూ ఇటు తిరిగారు. కోడీ సంగతి అందరికీ తెలుసు. కోర్టు వాడిని ఆ ఇంటి దరిదాపులకు రావద్దని కాగితం ఇచ్చింది. వాడు ఆ కాగితం చింపి, ఆ ముక్కలు ఫోటో తీసి కెండ్రాకు పంపాడు. నా కూతురు నాకు కావాలి, ఏదో ఒక రోజు వచ్చి తీసుకుపోతా, అడ్డం వస్తే నీ పని చెప్తా అన్నాడు. షెరీఫ్ ఆఫీసు పోలీసులు మంచివాళ్ళే గాని, వాళ్ళుండేది కొండకు అవతల. వంతెన దగ్గర రోడ్డు తడిసిందంటే వాళ్ళు వచ్చేసరికి ఇక్కడ చావూ అయిపోతుంది, అంత్యక్రియలూ అయిపోతాయి.

ఇంకేముంది, మగాళ్ళందరికీ పూనకం వచ్చింది.

"నక్కలకు కొట్టే తేలిక తూటా తీసుకో అమ్మాయ్. తగలగానే ముక్కలైపోద్ది," అన్నాడొకడు.

"ఛీ, తేలికదా! అది వాడి కోటు కూడా చింపదు," హోబర్ట్ కుర్చీలోంచి లేచాడు. "బరువైనదే ఉండాలి. తగిలిందంటే వాడు ఎగిరి పక్క రాష్ట్రం ఒహాయోలో పడాల."

"బావా, నువ్వు జింకను కొట్టి ఎన్నాళ్ళయింది?"

"నన్ను చూసి జింకలే వలస పోయాయి మరదలా, నేనేం చెయ్యను?"

అందరూ నవ్వారు. కెండ్రా నవ్వలేదు. రైఫిల్ మీద చెయ్యి వేసి నా వైపే చూస్తోంది.

"పిన్నీ, గోడ దగ్గర ఆగిపోయే తూటా ఏదైనా ఉందా?"

"అంటే?"

"నా గది ఈ చివర. మేజీ గది ఆ చివర. వీధి తలుపు నడిమధ్యన. వాడు తలుపు తన్నుకుని లోపలికొస్తే, నేను నా గదిలోంచి కాలిస్తే..."

మిగతాది అనక్కర్లేదు. ట్రైలర్ ఇల్లంటే పొడుగాటి డబ్బా. గదుల మధ్య గోడలు అట్టముక్కల కన్నా కాస్త నయం, అంతే. వాడిని దాటిన తూటా, వాడికి తగలని తూటా, నేరుగా పిల్ల మంచం మీదికే పోతుంది. ఇన్నేళ్ళుగా ఈ బల్ల ముందు నిలబడి ఇంటి కోసమని తూటాలు కొన్న మగాళ్ళలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, గోడ గురించి అడిగిన పాపాన పోలేదు.

"ఉంది," అన్నాడు తేలిక తూటా ఆయన.

"లేదు," అన్నాడు హోబర్ట్.

"నోళ్ళు మూసుకోండి ఇద్దరూ," అన్నాను. "ఉందో లేదో ఆదివారం చూద్దాం."

మా ఊళ్ళో తగువు తెగేది కంకర గొయ్యి దగ్గరే. చర్చి అయిపోగానే ఎవరి పికప్ బండిలో వాళ్ళు అక్కడికి చేరతారు. ఆడవాళ్ళం కోడి వేపుడు, మొక్కజొన్న రొట్టె, చిక్కుడుగింజల కూర పట్టుకెళ్తాం. మగాళ్ళు తుపాకులు పట్టుకొస్తారు. ఎవరి మాట నిజమో రాళ్ళగుట్టకు ఎదురుగా తేలుతుంది. ఓడినవాడు నోరు మూసుకుని గిన్నెలు కడగాలి, అది ఆచారం.

ఆ ఆదివారం హోబర్ట్ ఒళ్ళు దాచుకోలేదు, అది ఒప్పుకోవాలి. మా కొట్టు వెనక పాడుపడిన ట్రైలర్ ఒకటుంటే, దాని లోపలి గోడలు రంపంతో కోసి బండికెత్తుకొచ్చాడు. కెండ్రా ఇంట్లో అడుగులతో కొలుచుకొచ్చి, అక్కడ ఏ గోడకూ ఏ గోడకూ ఎంత దూరముందో, ఇక్కడా అంతే దూరంలో నిలబెట్టాడు. చివరి గోడ వెనక, పిల్ల మంచం ఉండే చోట, నీళ్ళ డబ్బాలు వరసగా పెట్టాడు.

పిల్లలకు అది ఆటలాగే కనపడుతుంది కదా. మేజీ పసుపుపచ్చ రబ్బరు బూట్లు వేసుకుని ఆ గోడల మధ్య తిరుగుతోంది.

"ఇదేంటి తాతా?"

"ఇది మీ ఇల్లమ్మా! ఇది అమ్మ గది, ఇది వంటిల్లు, ఇదుగో ఇది నీ గది," అన్నాడు హోబర్ట్ గొప్పగా. నేను కళ్ళెర్రజేసేసరికి నాలుక కరుచుకున్నాడు. అప్పటికే ఆలస్యమైంది.

"మరి నా మంచం?"

హోబర్ట్ నీళ్ళ డబ్బాల వైపు చూశాడు. పిల్ల అర్థం చేసుకుంది. గబగబా వెళ్ళి తన కోటు విప్పి ఆ డబ్బాల మీద కప్పి వచ్చింది, చలేస్తుందని. నేను వెళ్ళి ఆ కోటు తీసుకొచ్చి మళ్ళీ పిల్లకు తొడిగాను.

పిల్ల చెవులకు మూతలు పెట్టి, బండ్ల వెనక్కి తీసుకెళ్ళి, మొదలుపెట్టారు. తేలిక తూటా పేల్చారు. గోడలన్నీ దాటి డబ్బా పగిలింది. ఇంకో రకం పేల్చారు. డబ్బా పగిలింది. పగిలినప్పుడల్లా నీళ్ళు మనిషెత్తు లేచి పడుతున్నాయి. హోబర్ట్ బరువు తూటా సంగతి చెప్పక్కర్లేదు, డబ్బాలను దాటి వెనక రాళ్ళగుట్టలో దుమ్ము లేపింది. ఫలానాది గోడలో చిక్కుకుంటుందని ప్రమాణం చేసినవాళ్ళందరూ ఒక్కొక్కరే పెట్టెలు మూసేసి జేబుల్లో పెట్టుకున్నారు. వాటిలో కొన్ని ముక్కలై చెదిరిన మాట నిజమే. ఆ ముక్కలు కూడా నీళ్ళలోనే దొరికాయి.

కెండ్రా వెళ్ళి ఆ డబ్బాల ముందు నిలబడింది. మేజీ ఎప్పుడు పరిగెత్తుకొచ్చిందో, తల్లి చెయ్యి పట్టుకుని అడిగింది.

"అమ్మా, మరి నేనెక్కడ పడుకోవాలి?"

హోబర్ట్ మొహం గోడకు కొట్టిన సున్నంలా పాలిపోయింది. కెండ్రా ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. అక్కడే, చివరి గోడ దగ్గరే, వెనక్కి తిరిగి నిలబడి ఇటు చూసింది.

"గోడల్ని నమ్ముకుంటే లాభం లేదు. జరగాల్సింది నేను," అంది. "చప్పుడు కాగానే నేను మేజీ గదిలోకి పోతాను. అక్కణ్ణుంచి ఇటు కాలుస్తాను. అప్పుడు పిల్ల నా వెనకుంటుంది."

"బాగుందే! మరి ఇటు కాలిస్తే నీ గది దాటి, బయటి గోడ దాటి పోతుంది కదే. అటు వైపు ఎవరున్నారు?" అన్నాను.

అందరి తలలూ హోబర్ట్ వైపు తిరిగాయి.

"నేనే," అన్నాడాయన మెల్లగా. "సరిగ్గా నా మంచమే."

అప్పుడు నవ్వారు అందరూ, ఊపిరి ఆడినట్టుగా. "ఇన్నాళ్ళకు తూటాతో నీకు తగిన సంబంధం కుదిరింది బావా," అన్నాను. ఆయన కూడా నవ్వి, మాట్లాడకుండా పోయి గిన్నెలు కడిగాడు. ఆ వారమంతా మా కొట్టుకు రాలేదు. పాత టైర్లు ఎక్కడెక్కడివో పోగేసి, వాటి నిండా కంకర కూరి, తన ట్రైలర్ గోడకు ఆనించి ఎత్తుగా పేర్చాడు. నడుం పట్టేసి మూలుగుతూ వచ్చి, కెండ్రాకు తేలిక తూటాలే ఇమ్మన్నాడు.

"బరువైనవి కదా నీ దేవుళ్ళు?"

"నా రైఫిల్‌కి అవే. ఆ పిల్లకు మాత్రం ఇవి, ఇవైతే టైర్లలో ఆగుతాయి. ఏ మాటకామాట చెప్పుకోవాలి."

కెండ్రా మేజీకి నేర్పింది. అమ్మ 'పద' అనగానే తన గదిలోకి పరిగెత్తి మంచం కింద దూరాలి, కిక్కురుమనకూడదు. పిల్ల దాన్ని ఆటగానే నేర్చుకుంది. కెండ్రా మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చుని పరుపు మీద రైఫిల్ ఆనిస్తే, ఎదురుగా నడవ, హాలు, ఆ చివర తన గది గుమ్మం, అన్నీ ఒకే గీతలో కనపడతాయి. అందుకని ఆ తలుపులు ఎప్పుడూ తెరిచే ఉంచేది.

జనవరిలో ఒక శనివారం పొద్దున కోడీ వచ్చాడు. మంచు పడుతోంది. కెండ్రా పెనం మీద అట్లు పోస్తోంది, పిల్ల టీవీ ముందుంది. బండి చప్పుడు గుర్తుపట్టి, షెరీఫ్ ఆఫీసుకు ఫోన్ చేసి, 'పద' అంది. నేను అక్కడికి చేరేసరికి అంతా అయిపోయింది. కెండ్రా నాతో చెప్పింది చెప్పినట్టు చెబుతున్నాను.

వాడు తలుపు తన్నుకుని హాల్లోకి వచ్చాడు. చేతిలో టైర్లు విప్పే ఇనప కడ్డీ. తాగి ఉన్నాడు.

"మేజీ! బంగారం! ఎక్కడున్నావే? నాన్న వచ్చాడు!"

మంచం కింద నుంచి పిల్ల నోరు ఊరుకోలేదు. "నాన్నేనా అమ్మా?" అంది గట్టిగా.

"అక్కడే ఆగు కోడీ," అంది కెండ్రా. "ఇంకొక్క అడుగు వేశావంటే కాల్చేస్తాను. ఒట్టు."

వాడు అడుగు వేశాడు. ఆమె వేలు మీట మీద బిగుసుకుంది.

అప్పుడు హోబర్ట్ లోపలికొచ్చాడు. ఒంటి మీద బనీను, కాళ్ళకు మేజోళ్ళు, బూట్లు కూడా లేవు. చేతులు ఖాళీ. వచ్చినవాడు గుమ్మంలో ఆగలేదు. కోడీని చుట్టి, వాడి అవతలికి నడిచి, ఆ చివర కెండ్రా గది గుమ్మంలో సరిగ్గా వాడి వెనక నిలబడ్డాడు.

"కోడీ, నాయనా, కాఫీ పెట్టాను. రా, తాగుదువుగాని."

"పక్కకు జరుగు పెదనాన్నా!" కెండ్రా గొంతు చించుకుని అరిచింది. "జరుగు! జరుగు!"

ఆయన జరగలేదు. కోడీ వెనక్కి తిరిగి కడ్డీతో కొట్టాడు. చెయ్యి విరిగింది. మళ్ళీ కొట్టాడు. ఈసారి భుజం దగ్గర ఎముక. హోబర్ట్ రెండో చేత్తో గుమ్మం పట్టుకుని నిలబడే ఉన్నాడు. "కాఫీ చల్లారిపోతుందిరా అబ్బాయ్," అన్నాడట. ఆ మాటకో, నెత్తురు చూసో, కోడీ చేతిలోంచి కడ్డీ జారిపోయింది. బయటికెళ్ళి మెట్ల మీద మంచులో కూలబడి, షెరీఫ్ మనిషి వచ్చి సంకెళ్ళు వేసేదాకా భోరుమని ఏడుస్తూనే ఉన్నాడు.

నేను వెళ్ళినప్పుడు ఆ మెట్ల పక్కన ఒకటి చూశాను. హోబర్ట్ రైఫిల్, చేతికమ్మీకి ఆనించి నిలబెట్టి ఉంది. తుపాకీ మడమ మీద మంచు పేరుకుంది. తీసి చూస్తే లోపల బరువు తూటా ఎక్కించే ఉంది.

మర్నాడు ఆసుపత్రిలో, భుజం దాకా కట్లు కట్టించుకుని దిండు మీద దొరలాగా ఆనుకున్న మనిషిని చూసేసరికి నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ముసలి గాడిదా! బుద్ధుందా నీకు? చేతిలో తుపాకీ ఉండి, దాన్ని మెట్ల మీద పెట్టి లోపలికెళ్తావా? వాడు నీ బుర్ర పగలగొట్టి ఉంటే మా అక్కకు నేనేం సమాధానం చెప్పుకోను?"

"మీ అక్కకు చెప్పుకునేది నేను కదా మరదలా. నీకెందుకు ఆ బాధ?"

కెండ్రా కిటికీ దగ్గర నిలబడి ఉంది. రాత్రంతా ఏడ్చినట్టుంది. మంచం దగ్గరికొచ్చింది.

"జరగమని అరిచాను కదా పెదనాన్నా. వినపడలేదా?"

"వినపడింది."

"రెండడుగులు పక్కకు వేస్తే నీ చెయ్యి విరిగేది కాదు. నువ్వు గుమ్మంలోనే ఆగినా సరిపోయేది. పనిగట్టుకుని పోయి వాడి వెనకే ఎందుకు నిలబడ్డావు? నా గురి ఎటు పోతుందో నీకు తెలుసు కదా!"

"తెలియబట్టే కదమ్మా అక్కడ నిలబడింది."

కెండ్రాకు అర్థం కాలేదు. నాకు అప్పుడు అర్థమైంది. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

"ఆ వెధవ కోసమా?" అన్నాను. "ఆ కుక్క ప్రాణం కాపాడటానికా బావా?"

"వాడు నాకెవడు? వాణ్ణి కొట్టేద్దామనే వచ్చాను, తూటా ఎక్కించుకుని మరీ." విరగని చేత్తో దుప్పటి సర్దుకున్నాడు. "మెట్లెక్కుతుంటే పిల్ల గొంతు వినపడింది. నాన్నేనా అని అడిగింది. భయపడి అడిగినట్టు లేదు. అట్లు తినడానికి వచ్చాడా అన్నట్టుగా అడిగింది. ఇంక నా చేతులాడలేదు."

కెండ్రా మంచం అంచు మీద కూర్చుంది.

"నేను నొక్కేస్తున్నాను పెదనాన్నా. నా వేలు అప్పటికే నొక్కుతోంది. ఇంకో క్షణం ఆలస్యమైతే నువ్వు..."

"పోయేవాణ్ణే. తేలిక తూటానే అయినా, గోడల్నే ఆపలేనిది నన్నేం ఆపుతుంది?" నవ్వబోయి, భుజం నొప్పి పుట్టి మానేశాడు. "నేను వెనకుంటే నువ్వు కాల్చవని తెలుసమ్మా. అంతకన్నా నాకేం తోచలేదు."

"వాడు నిన్ను కొట్టేసి పిల్లను తీసుకుపోయుంటే?"

"అప్పుడు నేను కింద పడి ఉండేవాణ్ణి. నీకు అడ్డం ఉండేవాణ్ణి కాదు. నీ దారి నీకుండేది."

ఈ మనిషి మా కొట్లో పొయ్యి పక్కన కూర్చుని లేని జింకల్ని కొట్టే మనిషేనా అనిపించింది.

కెండ్రా అంది, "మేజీ పొద్దున లేచిన దగ్గర్నుంచి అడుగుతోంది, నాన్న ఎక్కడున్నాడని. ఏం చెప్పను?"

"జైల్లో ఉన్నాడని చెప్పు. ఉన్నమాటే కదా. పెద్దయ్యాక వెళ్ళి చూడాలనిపిస్తే చూసుకుంటుంది, మొహాన ఉమ్మెయ్యాలనిపిస్తే ఉమ్మేస్తుంది. అది దాని ఇష్టం," అన్నాడు హోబర్ట్. "నిన్న పొద్దున ఆ ఇష్టం దానికి లేకుండా చెయ్యబోయాం అమ్మా, నువ్వూ, నేనూ."

కెండ్రా ఆయన విరగని చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని, దాని మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. నేను లేచి వెళ్ళి తలుపు మూశాను.